ఫోటో కింద నేను రాసిన వాక్యం

మా సందు ఊడ్చే ఆమె పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా మా మెట్లెక్కలేదు. నేను మొదటి అంతస్తు వరండాలో, ఆమె కింద చీపురు పట్టుకుని, మా మాటలన్నీ అలాగే సాగేవి. అలాంటిది ఆ రోజు ఉదయం ఏడు కాకముందే చీపురు గేటుకు ఆనించి, పైకి వచ్చి తలుపు తట్టింది. మున్సిపాలిటీ ఇచ్చే నారింజ రంగు కోటు ఒంటి మీదే ఉంది. చేతిలోని ఫోను నా ముఖం ముందు పెట్టింది.

"బాబూ, ఇది మీరు రాసిందేనా?"

ఫోనులో ఆమె భర్త ఉన్నాడు. రెండు ఇటుకలు చెవి దగ్గర పెట్టుకుని ఒకదానితో ఒకటి తట్టి వింటున్నాడు. వెనక సగం లేచిన గోడ. కింద బెంగాలీలో నేను రాసిన నాలుగు వాక్యాలు.

"నేనే రాశాను. ఏం, బాగాలేదా?" అన్నాను. మెచ్చుకోవడానికి వచ్చిందనే అనుకున్నాను.

"నాకు సదవడం రాదు గదా. నిన్న మా హాజరేసే ఓవర్సీరుబాబు సదివి ఇనిపించినాడు. మీరోపాలి సదవండి. ఆయనేటన్నా కలిపీసి సదివినాడేమో."

చదివాను. 'తండ్రి వీధులు ఊడ్చాడు. కొడుకు ఇళ్ళు కడుతున్నాడు.' ఆ తర్వాత అతని పూర్తి పేరు, తండ్రి పేరు, భవానీపూర్‌లో వాళ్ళుండే చోటు. షాలిమార్ రైల్వే యార్డు వెనక కడుతున్న ఈ ఇంటికి ఆదివారం తప్ప రోజూ ఉదయం ఆరున్నరకల్లా చేరి తాపీ పడతాడన్న వివరం.

ఆమె ఫోను కోటు జేబులో పెట్టుకుంది. ఓవర్సీరు ఏమీ కలపలేదని అర్థమై ఉంటుంది.

"ఆరున్నరకి మా ఆయన ఎక్కడున్నట్టు బాబూ?"

"షాలిమార్‌లో."

"కాదు. మీ సందులో ఉన్నాడు. హాజరు బుక్కులో అలగే ఉంది." కోటు అంచు పట్టుకుని చూపించింది. "ఈ ఉజ్జోగం నాది కాదు. ఆయన పేరు మీద ఉంది. ఆయన బదులు నానొస్తన్నాను."

నేను వరండా కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆమెను కూర్చోమనడం కూడా తట్టలేదు.

"ఉజ్జోగం పోద్దంటన్నారు. అది పోతే దాంతో ఇచ్చిన రెండు గదులూ పోతాయి. మా అత్తని, పిల్లల్ని అట్టుకుని ఎక్కడికెల్లీది?"

ముప్పై రెండేళ్ళు ఈ నగరంలో ఒక దినపత్రికలో పనిచేశాను. మొదట వార్డుల వెంట తిరిగే విలేఖరిగా, తర్వాత డెస్క్‌లో. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడగకుండా కొత్తవాళ్ళు తెచ్చిన వార్తను తిప్పి పంపేవాణ్ణి. ఈమెను రోజూ ఉదయం మా సందులో చూస్తున్నాను. ఆమె భర్త అదే వేళకు నది అవతల గోడ కడుతున్నాడని తెలుసు. మామగారు పోయాక ఆ ఉద్యోగం వాళ్ళ ఇంటికే వచ్చిందని ఆమే చెప్పింది. "మా మావగారి ఉజ్జోగం బాబూ" అంది. కోటు ఆమె ఒంటి మీద ఉంది కాబట్టి ఉద్యోగమూ ఆమెదే అనుకున్నాను. ఎవరి పేరు మీద ఉందని పదకొండేళ్ళలో ఒక్కసారి అడగలేదు.

ఇదంతా మొదలైంది ఆమె మరిది వల్ల. అతను చిన్న ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు. రెండు, మూడు గదుల ఇళ్ళు, పాత ఇంటి మీద ఒక అంతస్తు, అలాంటివి. తెలుగు మాట్లాడే పెద్దాయన పత్రికలో పనిచేశాడని వదిన చెబితే ఒక ఆదివారం వచ్చాడు. ఫోనులో తన పేజీ చూపించాడు. పూర్తయిన ఇళ్ళ ఫోటోలు, ఒక్కోదాని మీద ఎర్ర అక్షరాలతో ఫోను నంబరు, మధ్యమధ్య గులాబీల మీద శుభోదయాలు. ఒక ఇంటికి డ్రోన్ కూడా ఎగరేయించాడు. పై నుంచి చూస్తే నీళ్ళ ట్యాంకు తప్ప ఏమీ కనబడలేదు.

"ఎవులూ ఫోన్ సెయ్యట్లేదు దాదా," అన్నాడు. వాళ్ళ కుటుంబం శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి మూడు తరాలైంది. ఇంటి తెలుగు అక్కడిది, పిలుపులు ఇక్కడివి. "మా పిన్ని ఒకర్తి లైక్ కొడతాది. ఆమెకి ఇల్లు కట్టించే పని లేదు."

ఇల్లు చూపిస్తే ఎవరు చూస్తారు, మనిషిని చూపించు అన్నాను. పత్రికలో మేం నేర్చుకున్నది అదే. వరద వార్తకు నీళ్ళ ఫోటో వేస్తే పేజీ తిప్పేస్తారు, నీళ్ళలో మేకను భుజాన వేసుకున్న ముసలాయన్ని వేస్తే ఆగుతారు.

అతని మనుషుల్లో చూపించదగ్గవాడు అన్నే, అంటే ఆమె భర్త. నేను షాలిమార్ వెళ్ళి చూశాను. అక్కడ కడుతున్నది రైల్వేలో పనిచేసి రిటైరైన ఒకాయన ఇల్లు. అన్న మాట తక్కువ మనిషి. ఇటుకల లారీ రాగానే నాలుగు చోట్ల నుంచి నాలుగు ఇటుకలు తీసి, రెండేసి చెవి దగ్గర తట్టి వింటాడు. బాగా కాలిన ఇటుక కంచు చెంబులా మోగుతుందని, పచ్చిది చెక్కలా పలుకుతుందని ఆ రోజే తెలిసింది. నచ్చకపోతే లారీ తిప్పి పంపేస్తాడు. తమ్ముడు తల పట్టుకుంటాడు. ఆ తట్టడమే వీడియో తీయమన్నాను. పాట పెట్టొద్దు, ఇటుకల చప్పుడు ఒక్కటే ఉండనీ అన్నాను.

ఆ వీడియో ఎంతమంది చూశారో నేను లెక్క పెట్టలేదు. తమ్ముడు మాత్రం గంటకోసారి ఫోన్ చేసి చెప్పేవాడు. బెంగాలీ ఇల్లాళ్ళు తమ ఇంటి ఇటుకలు తట్టి వీడియోలు పంపారు. ఒకాయన, మా నాన్న కట్టించిన ఇల్లు చెక్కలా మోగుతోంది, ఏం చెయ్యాలి అని అడిగాడు. "ఈ దాదాయే మా ఇల్లు కట్టాలి" అని రాసినవాళ్ళే ఎక్కువ.

అప్పుడు నాలోని పాత ఉద్యోగి నిద్ర లేచాడు. ఈ దాదా ఎవరో రాయాలి కదా. పేరు లేని ఫోటో అచ్చుకు వెళ్ళకూడదని మా మొదటి న్యూస్ ఎడిటర్ చెప్పేవాడు. అన్నను కూర్చోబెట్టి అడిగాను. తండ్రి ఏం చేసేవాడో, ఎప్పుడు లేస్తాడో, పనికి ఎన్నింటికి వస్తాడో చెప్పాడు. దాచిపెట్టినట్టు ఏమీ లేదు. తండ్రీ కొడుకుల మీద ఆ వాక్యం తట్టినప్పుడు కలిగిన సంతోషం, నిజం చెప్పాలంటే, రిటైరయ్యాక మళ్ళీ అప్పుడే కలిగింది. తమ్ముడు చదివి, "వా దాదా, దారుణ్!" అని బెంగాలీలో మెచ్చుకుని, అన్న ఫోటో కింద అప్పటికప్పుడే పెట్టేశాడు.

జనం అన్నిటికన్నా ఎక్కువ పంచుకున్నది ఆ ఒక్క వాక్యాన్నే. అది తిరిగి తిరిగి వార్డు ఆఫీసులో ఒక పై అధికారి ఫోనుకు చేరింది. ఆయన ఓవర్సీరుకు పంపాడు. ఈ పేరు మీ హాజరు పుస్తకంలో ఉన్న పేరేనా అని మాత్రం కాగితం మీద అడిగాడట.

ఆమె కిందికి దిగి ఊడ్చుకుంటూ వెళ్ళిపోగానే తమ్ముడికి ఫోన్ చేశాను. పోస్టు అప్పటికే తీసేశాడు. అయినా తీసేసినదాన్ని వందమంది దాచుకుని ఉంటారు.

"నాకు తెలియదు సరే. నీకు తెలుసు కదా. చదివినప్పుడు చెప్పొద్దా?" అన్నాను. నా గొంతు పెరిగింది.

"ఏటి సెప్పమంటారు దాదా? మా క్వార్టర్ల లైన్లో సగం ఇళ్ళు అంతే. మా ఎదురింటాయన పేరు మీద అల్లుడు ఎల్తాడు. పక్కింటామె పేరు మీద వాల్ల తోటికోడలు ఎల్తాది. ఇందులో దాసేదేటుంది? అందరికీ తెల్సిందే గదా!"

అతను అబద్ధమాడటం లేదు. ఆ వాక్యం చదువుతున్నప్పుడు అందులో ప్రమాదం ఉందని అతనికి నిజంగానే తోచలేదు. తండ్రి పోయినప్పుడు ఉద్యోగం పెద్ద కొడుక్కి రాశారు. అప్పటికి అతను ఒక ఇంటి పనిలో ఉన్నాడు. స్లాబు పడేదాకా రెండు నెలలు నువ్వెళ్ళు అని భార్యతో అన్నాడు. ఆ ఇంటి తర్వాత ఇంకో ఇల్లు వచ్చింది. ఆ రెండు నెలలే పదకొండేళ్ళయ్యాయి. ఎవరైనా అడిగితే చెప్పేవాళ్ళే. ఎవరూ అడగలేదు.

ఓవర్సీరు ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. పెద్దమనిషి. పాతకాలపు గొడుగు మడిచి మూలన పెట్టి కూర్చున్నాడు. టీ తాగేదాకా వర్షం గురించే మాట్లాడాడు. తర్వాత బెంగాలీలో, ఎవరి మీదా కోపం లేనట్టు చెప్పాడు.

"ఆవిడ వస్తోందని నాకు తెలియదా మోశాయ్? రోజూ టిక్కు పెట్టేది నేనే. మగవాడి పేరు ఎదురుగా టిక్కు పెడుతూ, తల ఎత్తి ఆవిణ్ణి చూస్తాను. నా ముందు పనిచేసినాయనకీ తెలుసు."

ఆయన ఖాళీ కప్పు కింద పెట్టాడు.

"కళ్ళతో చూసినదాన్ని మరిచిపోవచ్చు. మీరు రాసి పెట్టారు. పేరు, వేళ, చోటు అన్నీ. పై ఆయన పంపిన కాగితానికి నేను కాగితంతోనే జవాబివ్వాలి."

"ఏమని?"

"అది మీరే రాయాలి. ఫోటోలో మనిషి వేరు, పేరు పొరపాటున పడింది అని. ఈ సందులో ఉండేవాళ్ళుగా, ఇక్కడ రోజూ ఊడ్చేది పుస్తకంలో ఉన్న మనిషేనని, మీ కళ్ళతో చూస్తున్నానని. పత్రికలో పనిచేసినవారు, మీ సంతకానికి విలువుంటుంది." గొడుగు తీసుకుని లేచాడు. "ఒక్కటి మాత్రం. రేపొకరోజు ఆవిణ్ణి రానీండి. ఎల్లుండి నుంచి అతనే రావాలి. పై ఆయన ఏ ఉదయమైనా కారు ఆపి చూస్తాడు."

ఆయన వెళ్ళాక చాలాసేపు ఖాళీ కప్పులు తీయకుండా కూర్చున్నాను. పత్రికలో సవరణలు నేను చాలా రాశాను. పేరు తప్పు పడితే, వీధి తప్పు పడితే, మర్నాడు రెండో పేజీలో చిన్న అక్షరాలతో విచారం తెలిపేవాళ్ళం. తప్పును దిద్దడానికే అవన్నీ. నిజాన్ని తప్పు అని దిద్దవలసి రావడం ఎన్నడూ జరగలేదు. రాయనని అనుకున్నాను. ఆ వెంటనే ఆ రెండు గదులు గుర్తొచ్చాయి. ఒకసారి వెళ్ళాను. గోడ పొడుగునా చాపలు చుట్టి నిలబెట్టి ఉంటాయి, పగలు స్థలం కోసం. ఊరందరికీ ఇళ్ళు కట్టే అన్నదమ్ములిద్దరి సంసారాలూ ఆ చాపల మీదే.

నన్ను దిగ్భ్రమలో పడేసింది ఇంకొకటి. ఉత్తరం పావుగంటలో పూర్తయింది. ఒక్క కొట్టివేత లేదు. వేళ్ళు ఎక్కడా తడబడలేదు.

మర్నాడు ఆమె పని ముగించే వేళకు భర్త కూడా వచ్చాడు. ఆ రోజు షాలిమార్ వెళ్ళలేదు. ఇద్దరినీ వరండాలో కూర్చోబెట్టి, నేను రాసిన బెంగాలీ ఉత్తరాన్ని తెలుగులో చెబుతూ వినిపించాను. ఫోటోలోని తాపీమేస్త్రి ఊరి నుంచి వచ్చిన వేరే మనిషి. మా సందును ఇన్నేళ్ళుగా ఊడుస్తున్నది హాజరు పుస్తకంలో ఉన్న ఫలానా వ్యక్తి. ఆయన్ని నేను ప్రతి ఉదయం మా వరండా నుంచి చూస్తున్నాను.

అన్న చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. సిమెంటు తినేసిన వేళ్ళ కొసలు.

"ఫొటోలో ఉన్నది నాను కాదంటే," అన్నాడు చివరికి, "ఆ గోడ ఎవులు కట్టినట్టు?"

నేను కలం మూత తీసి మళ్ళీ పెట్టాను. ఆమె మాత్రం ఊరుకోలేదు. చెంగుతో ముఖం తుడుచుకుని నా వైపు చూసింది. నవ్వుతోందో లేదో తెలియలేదు.

"'ఓ అమ్మా, ఆగాగు, మెట్ల మీద నీల్లు పోస్తన్నా' అని పైనుంచి అరిసేవోరు మీరు. అది మా ఆయన్నా బాబూ ఇన్నాల్లూ? మొన్న జొరమొస్తే మందుబిల్ల ఇసిరినారు, అదీ ఆయనకేనా?"

"నోర్ముయ్యే," అన్నాడు భర్త మెల్లగా.

"ఎందుకు మూసుకోవాల? సంతకం ఎట్టీసినాక ఎలాగూ నానుండను." కాగితం వైపు చెయ్యి చూపింది. "పెట్టీండి బాబూ. పిల్లలకి గోడలు ముక్యం. గోడలు మా ఆయన కడితేనేటి, ఇంకెవులు కడితేనేటి."

సంతకం పెట్టాను. ముప్పై రెండేళ్ళలో నేను రాసిన చాలా వార్తల మీద 'మా విలేఖరి' అనే ఉండేది. నా పూర్తి పేరుతో, హోదాతో, చిరునామాతో రాసిన ఈ కాగితంలోనే నేను చూడనిదాన్ని చూశానని చెప్పాను. చూసినదాన్ని లేదన్నాను. ఆ మధ్యాహ్నమే ఓవర్సీరు వచ్చి తీసుకెళ్ళాడు. సాయంత్రానికి కబురు పంపాడు, పై ఆయన చదివి ఫైల్లో పెట్టుకున్నాడు, ఇంకేమీ అడగలేదు అని.

తమ్ముడి ఫోను మోగుతూనే ఉంది. బారాసత్ నుంచి, బెహాలా నుంచి, గార్డెన్ రీచ్‌లో ఓడల పని చేసే వాళ్ళ నుంచి. అందరూ అడిగేది ఒక్కటే, ఇటుకలు తట్టే దాదా వస్తాడా అని. ఏం చెప్పమంటారు దాదా అని నన్నడిగాడు. నాకూ తెలియలేదు. ఆయన మధ్యాహ్నం నుంచి వస్తాడని చెప్పమందామనుకున్నాను. ఆ మాట కూడా ఎవరో ఎక్కడో రాసి పెడతారేమో అన్న భయంతో ఊరుకున్నాను.

ఆ తర్వాతి ఉదయం చప్పుడుకు మెలకువ వచ్చింది. పదకొండేళ్ళుగా విన్న చీపురు చప్పుడు కాదది. పొడవుగా, ఆగి ఆగి వస్తోంది. వరండాలోకి వెళ్ళి చూశాను. అతను ఊడుస్తున్నాడు. గోడ వారన మొదలుపెట్టి, తాడు కట్టినట్టు నేరుగా, ఒక్క ఆకు కూడా వెనక వదలకుండా. అడుగు దూరానికి అంత సేపు పడితే సందు చివరికి చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. ఆమె రెండడుగుల వెనక, మామూలు చీరలో, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. కోటు ఇప్పుడు అతని ఒంటి మీద ఉంది. ఆమె తన కొలతకు బిగించి కుట్టుకున్నది కాబట్టి భుజాల దగ్గర బిగిసింది, గుండీలు పడలేదు.

"గోడ కాదయ్యా అది, రోడ్డు. మట్టం సూడక్కర్లేదు," అంటోంది. "ముందు ఆ జాలీ మీద ఆకులు తియ్యి. లేపోతే నీల్లు దిగవు, ఆ మిఠాయికొట్టాయన తిడతాడు. ఆ మూడో మేడ కాడ ఆగు. ఇప్పుడే ఊడ్సీకు. ఎనిమిదికి పైనుంచి సెత్త కవరు పడద్ది, అది పడినాకే ఊడ్సాల."

అతను తల ఎత్తకుండా విన్నాడు. కాలువ జాలీ దగ్గర వంగి, రెండు చేతులతో ఆకులు తీసి పక్కన కుప్ప పెట్టాడు. ఆ కుప్పను కూడా నాలుగు వైపులా సరిచేశాడు. ఆమె నుదురు కొట్టుకుంది.

అప్పుడు నన్ను చూసింది. ఎప్పటిలాగే కింద నుంచి, తల వెనక్కి వాల్చి.

"సూసుకోండి బాబూ," అంది. "ఇయ్యాల్టి నుంచి మీ కాయితంలో ఉన్నదే నిజం."

మెట్ల మీద పోయడానికి తెచ్చిన బకెట్ నా చేతిలోనే ఉంది. ఎవరిని ఆగమనాలో తెలియక, నీళ్ళు పోయకుండానే లోపలికి వచ్చేశాను.